ఏ పదేళ్ల పాటలు మీవి? తూచి తేల్చుకునే పద్ధతి

ఎప్పటి పాటలు బాగుంటాయని నెల్లూరులో నలుగురు కూర్చున్న చోట అడిగితే జవాబు రావడానికి అరనిమిషం పట్టదు. యాభై దాటినవాళ్లు ఎనభైలంటారు. వాళ్ల నాన్నగార్లు ఘంటసాల పేరు చెప్పి ఇక మాట్లాడేదేముందంటారు. పిల్లలు ఫోన్ తీసి పాట పెట్టేస్తారు. ఈ జవాబుల్లో సగం పాటకు సంబంధించినవి కావు, చెప్పేవాళ్ల వయసుకు సంబంధించినవి. పదో తరగతికీ డిగ్రీకీ మధ్య చెవిన పడ్డ పాట ఎవరికైనా మంచి పాటే. అందుకని ఎంపిక మొదలుపెట్టేముందు మీకు పదిహేను నుంచి ఇరవై ఏళ్లు ఉన్నప్పుడు వచ్చిన సినిమాల జాబితా రాసి పక్కన పెట్టండి. వాటికి మార్కులు వేయొద్దు. మిగతా కాలానికి వేశాక, చివర్లో వాటి సంగతి చూడొచ్చు.

ఇంకో మోసం కూడా ఉంది, అది ఎప్పుడూ పాత పాటల వైపే మొగ్గుతుంది. 1957 అనగానే ‘మాయాబజార్’ గుర్తొస్తుంది. ఆ ఏడాది వచ్చిన మిగతా సినిమాల్లో ఎన్ని పాటలు ఇవాళ రేడియోలో వినిపిస్తున్నాయి? పొట్టు చెరిగేసిన బియ్యమే మనదాకా వచ్చింది. నిరుడు వచ్చిన పాటలు మాత్రం పొట్టుతో సహా చెవిలో పడుతున్నాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి “ఇప్పుడేముంది, అంతా గోల” అనడం సరైన తూకం కాదు.

కాబట్టి పాటలు ఏరుకోకండి. సినిమాలు ఏరుకోండి. ఒక్కో దశాబ్దానికి రెండు సినిమాలు చాలు: ఒకటి పాటలతో పేరు మోసింది, రెండోది ఆ రోజుల్లో మామూలుగా ఆడిపోయింది. రెంటిలోనూ అన్ని పాటలూ వరసగా వినాలి, మధ్యలో దాటేయకూడదు. మళ్లీ వినాలనిపించిన పాటకు టిక్కు పెట్టండి. వారం తర్వాత టిక్కు పెట్టినవి మాత్రమే మళ్లీ వినండి. రెండోసారి కూడా నిలిచినవే లెక్కలోకి వస్తాయి. పాత సినిమాల్లో పద్యాలు కలుపుకుని పది దాటతాయి, ఎనభైల తర్వాత ఐదారే ఉంటాయి. అందుకని ఎన్ని నిలిచాయో కాదు, ఎంత పాలు నిలిచాయో చూడాలి. పదింట్లో నాలుగు, ఐదింట్లో రెండు ఒకటే లెక్క.

ఈ తూకంలో మామూలు సినిమాయే అసలు రాయి. పేరు మోసిన సినిమా ప్రతి దశాబ్దానికీ ఉంటుంది. మామూలు సినిమాలో కూడా రెండు మూడు పాటలు నిలబడ్డాయంటే ఆ కాలం పాటల పని బాగా తెలిసిన కాలమని అర్థం. మా లెక్కలో ఈ పరీక్షలో అరవైలు ముందుంటాయి. శిఖరాలు కొలిస్తే ఎనభైలు. మిగతా కాలాలకు ఒక్కోదానికి ఒక్కో ఉపయోగం ఉంది.

ఒకే కలం, నాలుగు సినిమాలు

కాలం మారితే పాటలో ఏం మారుతుందో తెలియాలంటే ఒక మనిషిని పట్టుకుని నడవడం తేలిక. మన వైపువాళ్లకు ఆ మనిషిని వెతుక్కోనక్కర్లేదు. ఆచార్య ఆత్రేయ పుట్టింది 1921లో, అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో. ఆయన పాటలున్న సినిమాలు నాలుగు తీసుకోండి: ‘మూగ మనసులు’ (1964), ‘ప్రేమనగర్’ (1971), ‘మరోచరిత్ర’ (1978), ‘అభినందన’ (1988). మొదటి రెంటికీ సంగీతం కె.వి.మహదేవన్, మూడోదానికి ఎం.ఎస్.విశ్వనాథన్, నాలుగోదానికి ఇళయరాజా. ‘ప్రేమనగర్’ తీసిన రామానాయుడుది కారంచేడు, అప్పట్లో ప్రకాశం జిల్లాలోది. అంటే ఇదంతా మన ఇంటి సరుకే.

నాలుగింటిలోనూ మాటలు ఇంట్లో మాట్లాడుకునేవే, ఆత్రేయ పద్ధతి అది. తేడా వచ్చింది మాట ఎక్కడ విరిగిందన్న దగ్గర. మహదేవన్, కవి రాసిచ్చిన పాటను ముందు పెట్టుకుని బాణీ కట్టడంలో పేరుపొందినవాడు. అందుకే మొదటి రెండు సినిమాల్లో వాక్యం ఎక్కడ ఆగాలో స్వరం అక్కడే ఆగుతుంది. పాటను మామూలుగా చదివి, తర్వాత పాడి చూడండి, దీర్ఘాలు రెంటిలోనూ ఒకే చోట పడతాయి. ‘అభినందన’కు వచ్చేసరికి స్వరానికి సొంత నడక ఉంది, మాట దాని వెంట నడుస్తుంది. అయినా మాట నలగకుండా నిలిచిందంటే అది ఆత్రేయ చేతి పని. బాణీకి మాటలు కూర్చే పద్ధతి ముదిరేకొద్దీ అంత పట్టులేని చేతుల్లో ఏమవుతుందంటే, హ్రస్వం మీద స్వరం సాగి అక్కడ దీర్ఘం వినపడుతుంది, ఒత్తు మాయమవుతుంది, మాట మధ్యలో ఊపిరి పడుతుంది.

మీరు తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే. పాట వింటున్నప్పుడు మీ చెవి ముందు మాటను పట్టుకుంటుందా, స్వరాన్ని పట్టుకుంటుందా? తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. నిన్న విన్న కొత్త పాటను ఇవాళ తలుచుకోండి. పల్లవి మాటలు రెండు లైన్లు నోటికొస్తే మీరు అరవైల, డెబ్బైల మనిషి. మాటలు రాక, పల్లవికి ముందొచ్చే బిట్టు నోట్లో ఆడుతుంటే ఎనభైలు, ఆ తర్వాత కాలం మీకు సరిపోతుంది. దరువు మాత్రమే గుర్తుంటే తొంభైల చివరి నుంచి ఇటు చూడండి. ఇందులో ఎక్కువ తక్కువలేమీ లేవు.

కాలాల తీరు

యాభైల్లో సినిమా పాటకు నాటకం, కర్ణాటక సంగీతం ఇంకా పుట్టిళ్లే. 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’ ఒక్కటి పూర్తిగా వింటే చాలు. బి.ఎన్.రెడ్డి తీసిన ఆ సినిమాకు సంగీతం సాలూరి రాజేశ్వరరావు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి. నాయిక భానుమతి ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టినావిడ, తన పాటలు తనే పాడుకుంది. నటించే మనిషే పాడితే పాటలో ఏం ఒదుగుతుందో వినాలంటే అంతకంటే మంచి నమూనా లేదు. మాటకూ పాటకూ మధ్య గొంతు మారదు. ఈ కాలంతో చిక్కేమిటంటే నెమ్మది. పల్లవి ఎత్తుకోవడానికే సమయం తీసుకుంటుంది. వంట చేస్తూనో బండి నడుపుతూనో వింటే సగం జారిపోతుంది. కూర్చుని వినే తీరిక ఉన్నవాళ్లకే యాభైలు.

అరవైల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రాజేశ్వరరావు, పెండ్యాల, ఘంటసాల, మహదేవన్, మాస్టర్ వేణు, టి.వి.రాజు ఒకేసారి పనిచేస్తున్నారు. సుశీల గొంతు మంచి ఊపులో ఉంది. ఆత్రేయ, శ్రీశ్రీ, ఆరుద్ర, దాశరథి, కొసరాజు రాస్తున్నారు, 1962లో ‘గులేబకావళి కథ’తో సినారె వచ్చి చేరాడు. ఇంతమంది ఉన్నప్పుడు పెద్దవాళ్లు దొరకని నిర్మాతకు కూడా గట్టి పనివాళ్లే దొరుకుతారు. మామూలు సినిమాలో మంచి పాట ఉండటానికి కారణం అదే. ఒకే దశాబ్దంలో ‘జగదేకవీరుని కథ’ (1961) లాంటి శాస్త్రీయం, ‘లవకుశ’ (1963) లాంటి పురాణం, ‘మూగ మనసులు’ లాంటి పల్లె పాట, ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) లాంటి చదువుకున్నవాళ్ల ఇంటి పాట దొరుకుతాయి. నలుగురు నాలుగు వయసులవాళ్లున్న ఇంట్లో ఒకే దశాబ్దం పెట్టాల్సొస్తే తగాదా తక్కువ వచ్చేది ఇక్కడే. లోటు కూడా చెప్పాలి. యుగళగీతాల్లో చాలావరకు ఒకే అచ్చు: పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో ఫ్లూటో వయొలిన్లో. వరసగా ఇరవై వింటే కలగాపులగం అవుతాయి.

డెబ్బైలు రెండు ముక్కలు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయారు. ఆ తర్వాత రెండు మూడేళ్లు మగ గొంతు కోసం చిత్రసీమ వెతుక్కుంది. ‘ముత్యాలముగ్గు’ (1975) లాంటి సినిమాల్లో రామకృష్ణ వినిపిస్తాడు. 1977లో ‘అడవిరాముడు’ వచ్చేసరికి బాలు పెద్ద హీరోకి స్థిరపడిపోయాడు. అందుకని డెబ్బైలు నచ్చాయనేవాళ్లను ఏ సగమని అడగాలి. మొదటి సగం అరవైలకు తోక, రెండో సగం ఎనభైలకు గుమ్మం.

ఎనభైలకు వద్దాం. బాలు కుటుంబం తిప్పరాజువారి వీధిలో ఉన్న ఊరు కాబట్టి నెల్లూరువాళ్లకు ఈ దశాబ్దం మీద పక్షపాతం సహజం. 2020 ఫిబ్రవరిలో ఆ ఇంటిని ఆయన వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు కూడా. పక్షపాతం తీసేసినా ఎనభైలు నిలబడతాయి, కారణాలు రెండు. మొదటిది రికార్డింగ్. అంతకుముందు గాయకులు, వాద్యబృందం ఒకే గదిలో ఒకే ఊపులో పాట పూర్తి చేయాలి, ఎవరు తప్పినా మొదటికొస్తుంది. ఎనభైల్లో విడివిడి ట్రాకుల పద్ధతి బలపడింది, స్టీరియో వచ్చింది. గొంతు మైకుకు దగ్గరైంది. గుసగుస, నవ్వు, ఊపిరి కూడా పాటలో భాగమయ్యాయి, బాలుకూ జానకికీ అది చేతికి దొరికిన పనిముట్టు. రెండోది ఇళయరాజా. ‘సాగరసంగమం’ (1983), ‘రుద్రవీణ’ (1988) రెంటికీ ఆయనకు జాతీయ అవార్డులొచ్చాయి, బాలుకూ వచ్చాయి. ‘గీతాంజలి’ (1989) పాట ఏదైనా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గొంతును వదిలేసి కింద నడిచే బేస్ గిటార్‌ను మాత్రం వినండి. అది తాళం వేయడం లేదు, తన పాట తను పాడుకుంటోంది. రెండోసారి వయొలిన్లను మాత్రమే వినండి. మూడోసారి అన్నీ కలిపి వింటే అదే పాట కొత్తగా ఉంటుంది. ఒక పాటను మూడు విధాల వినగలగడం ఈ దశాబ్దంలో ఉన్నంత ముందూ లేదు, వెనకా తక్కువ.

ఎనభైల్లో మామూలు సినిమా మాత్రం బాగా మామూలుది. హీరో స్టెప్పుల కోసం ఒకే దరువు మీద లాగించిన పాటలు కుప్పలు. వాటిలో నిలిచే పాలు అరవైల్లో సగం కూడా రాకపోవచ్చు. ఏరుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఎనభైలు.

తొంభైల్లో 1992 ‘రోజా’ గీత గీసింది. రెహమాన్ తర్వాత ప్రతివాళ్ల దరువూ మారింది, కంప్యూటర్ మీద కూర్చిన తాళం సాధారణమైంది. అదే దశాబ్దంలో కీరవాణి ‘క్షణక్షణం’ (1991) నుంచి ‘అన్నమయ్య’ (1997) దాకా రెండు చివరలూ పట్టుకున్నాడు. చివర్లో మణిశర్మ. 2000లలో దేవిశ్రీప్రసాద్ హుషారు ఒకవైపు, ‘ఆనంద్’ (2004), ‘గోదావరి’ (2006) పాటలతో కె.ఎం.రాధాకృష్ణన్ నెమ్మది ఇంకోవైపు. 2010ల నుంచి ఇప్పటిదాకా వడపోత ఇంకా జరగలేదు. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిందని ఈ కాలానికి ఓటేయడం తొందరపాటు, ఆ కారణంగానే కొట్టిపారేయడం ఇంకా తొందరపాటు.

క్యాలెండరు పెట్టే చిక్కు

‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరిలో. లెక్కకు ఎనభైల సినిమా, పాటల పనితనం చూస్తే డెబ్బైలది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మేలో వచ్చింది, వింటే మాత్రం నిఖార్సైన ఎనభైలు. సున్నా దగ్గర గీత గీస్తే ఇలాంటివి అటూ ఇటూ పడి లెక్క చెడగొడతాయి. పదేళ్లే కావాలనుకుంటే 1956–65, 1978–87 అని ఎక్కడి నుంచైనా మొదలుపెట్టుకోండి, ఎవరూ అడ్డం రారు. ఇద్దరు వాదించుకునేటప్పుడు మాత్రం ముందే గీత ఎక్కడో ఒప్పుకోవాలి. లేకపోతే ‘శంకరాభరణం’ ఇద్దరి జాబితాలోనూ ఉంటుంది.

చెడ్డ కాపీ విని తీర్పు చెప్పొద్దు

ఎనభైల పాటలు మసకగా, బేస్ లేకుండా ఉంటాయని కొందరు గట్టిగా నమ్ముతారు. వాళ్లు విన్నవి కావలి, కందుకూరు బజార్లలో ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చిన కాపీలు. కాపీకి కాపీ తీసినకొద్దీ తాళాల గలగల, వయొలిన్ల మెరుపు ముందు పోతాయి. టేపు సాగితే శ్రుతి ఊగుతుంది. మంచి కాపీ విన్నాక తీర్పు మారడం మామూలే.

ఇప్పటి నెట్ కాపీలతో వేరే తంటా. కాపీరైటు హక్కులున్న కంపెనీకి పట్టుబడకుండా కొందరు పాట వేగం కాస్త పెంచి పెడతారు. 6 శాతం పెంచితే హార్మోనియం మీద పక్క మెట్టుకు, అంటే అర శ్రుతి పైకి, పోతుంది. 3 నిమిషాల 20 సెకన్ల పాట దాదాపు 3 నిమిషాల 9 సెకన్లకు తగ్గుతుంది. ఘంటసాల గొంతు కుర్రాడి గొంతులా వినిపిస్తే మొదట అనుమానించాల్సింది ఇదే. అదే పాట హక్కుదారు కంపెనీ పెట్టిన కాపీ నిడివితో పోల్చండి. అయితే నిడివి తేడా అన్నివేళలా మోసం కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులో ఒక పక్కకు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోవచ్చు. చరణాలు సమానంగా ఉండి నిడివి తేడా వస్తేనే వేగం మార్చారని అర్థం.

యాభై, అరవైల పాటలు మోనోలో, అంటే శబ్దమంతా ఒకే దారిలో వచ్చేలా, పుట్టాయి, మోనోలోనే వినండి. ‘8డీ’, ‘డీటీఎస్’ అని రాసిపెట్టిన కాపీల్లో గొంతును కుడికీ ఎడమకీ తిప్పుతారు, ప్రతిధ్వని కలుపుతారు. దాంతో మాట అంచు చెడిపోతుంది. మాట కోసం వినే పాటలో మాటే పోయాక మిగిలేదేముంది?

ఎక్కడ వింటారు, ఎవరు పాడతారు

నెల్లూరు నుంచి ఒంగోలుకు కారులో పోతూ హైవే మీద ‘మల్లీశ్వరి’ పెడితే టైర్ల మోతలో మెల్లని సంగతులన్నీ మునిగిపోతాయి. శబ్దం పెంచితే తారస్థాయి చెవిలో గుచ్చుకుంటుంది. కారుకు తొంభైలు, 2000లు పనికొస్తాయి, వాటి మిక్సింగులో మెల్లని చోటుకూ గట్టి చోటుకూ తేడా తక్కువ. రాత్రి డాబా మీద చిన్న స్పీకర్‌లో వినేవాళ్లకు అరవైల మోనో పాట చక్కగా సరిపోతుంది, ఒక్క స్పీకరైనా పోయేదేమీ లేదు.

సొంతంగా పాడేవాళ్లు ఇంకో మాట గమనించాలి. పాత పాటల్లో తాళం యంత్రం వేసింది కాదు. గాయకుడు సాగదీస్తే తబలా ఆగేది. ఇప్పటి కరోకే ట్రాకులు ఒకే వేగానికి బిగించి చేస్తారు. ఘంటసాల పాట ట్రాకు మీద పాడేవాళ్లు రెండో చరణానికల్లా ముందుకో వెనక్కో పోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. హార్మోనియం, తబలాతో పాడుకుంటే ఆ బాధ లేదు. శ్రుతి పెట్టుకునేటప్పుడు పల్లవి పాడి చూసి సరిపోయిందనుకోకండి. చరణంలో అన్నిటికంటే పై స్వరం ఎక్కడుందో వెతికి, అది అరవకుండా అందే శ్రుతి పెట్టుకోండి. ఎనభైల బాలు పాటలకు ఇది మరీ అవసరం. పల్లవి ఆయన తేలిగ్గా పాడాడని మనకూ తేలికనిపిస్తుంది.

పెళ్లికో, ఊళ్లో తిరునాళ్లకో ఆర్కెస్ట్రా పిలుస్తుంటే దశాబ్దం చెప్పేముందు బృందంలో ఎవరెవరున్నారో అడగండి. రెండు గంటల కార్యక్రమంలో మాటలతో కలిపి ఇరవై పాటలు పడతాయి. కీబోర్డు, ప్యాడ్స్, ఇద్దరు గాయకులే ఉంటే తొంభైల నుంచి ఇటు పాటలు చెప్పండి, పరువు దక్కుతుంది. తబలా డోలక్, ఫ్లూటు ఉంటే అరవైలు అడగొచ్చు. బేస్ గిటార్ మనిషి లేకుండా ఇళయరాజా పాటలు అడగొద్దు, పాడేవాళ్లు ఎంత బాగా పాడినా కింద నేల లేనట్టుంటుంది. “మైనస్ ట్రాక్ (గొంతు తీసేసి వాద్యాలు మాత్రం ఉంచిన రికార్డు) పెడతామండీ” అన్నారంటే వాద్యాలకు డబ్బు ఇవ్వనక్కర్లేదని అర్థం, బేరం అక్కడ మొదలుపెట్టండి.

అన్నీ చూశాక ఎక్కువమంది అరవైలకూ ఎనభైలకూ మధ్య ఆగిపోతారు. అప్పుడు రెంటిలోంచీ పది పది పాటలు తీసి ఫోన్‌లో పెట్టుకోండి. వారం రోజులు అరవైలవి పొద్దున, ఎనభైలవి రాత్రి, మరు వారం తారుమారు చేసి వినండి. వేళ మారినా ఏ పది ముందు తెరవాలనిపిస్తోందో చూడండి. అలా తేలకపోతే మొదట పక్కన పెట్టిన మీ పదిహేను–ఇరవై ఏళ్ల వయసు నాటి జాబితా ఇప్పుడు తీయండి. అది ఏ వైపు మొగ్గితే దానికి వేసేయండి ఓటు.